జర్మనీలో సెమిస్టర్ చివరి వారాల్లో చిన్న ప్రయాణాలు: ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఫిబ్రవరి, జూలై నెలలు దగ్గరపడుతున్నాయంటే, ఒక సెమిస్టర్ కోసం జర్మనీ వచ్చిన మన విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పరీక్షలు అయ్యాక విమానం ఎక్కేలోపు రెండు మూడు వారాలు మిగులుతున్నాయి, ఎన్ని దేశాలు తిరగవచ్చు అన్నదే ఆ ప్రశ్న. అయితే ఆ రెండు మూడు వారాల్లోనే గది అప్పగింత, చిరునామా రద్దు, బ్యాంకు పనులు, సామాను సర్దుకోవడం అన్నీ వచ్చి పడతాయి కాబట్టి, ఏ దేశాలు అన్నదానికి ముందు ఏ రోజులు అన్నది తేలాలి. కింద చెప్పిన పద్ధతి అక్కడి నుంచే మొదలవుతుంది. ఉదాహరణలు ఎక్కువగా మ్యూనిక్ పరిసరాలవే అయినా, మీరు ఏ ఊళ్ళో ఉన్నా పద్ధతి మారదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

పాస్‌పోర్టు, జర్మన్ వీసా లేదా రెసిడెన్స్ పర్మిట్ కార్డు, ఆ కార్డుతో పాటు ఇచ్చిన ఆకుపచ్చ అనుబంధ పత్రం, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, పరీక్షల తేదీల పట్టిక, గది అద్దె ఒప్పందం, ఇంటికి వెళ్ళే విమానం టికెట్. వీటితో పాటు ఒక కాగితం, పెన్ను. ఫోన్ క్యాలెండర్ కన్నా ఇక్కడ కాగితమే మేలు; నాలుగు వారాలూ ఒకే చూపులో కనబడతాయి.

దశ 1: కదలని తేదీలను ముందు రాయండి

కాగితం మీద రోజుకొక గడి చొప్పున గీసి, మీరు మార్చలేని తేదీలను సిరాతో నింపండి. చివరి పరీక్ష, గది అప్పగింత, వీసా లేదా పర్మిట్ గడువు, విమానం రోజు ఇందులోకి వస్తాయి. ఇంకా రాయని పరీక్షకు రెండో అవకాశం ఉంటే ఆ తేదీ కూడా రాయండి. మొదటిసారి తప్పితే మళ్ళీ రాయవలసిన రోజున మీరు ప్రాగ్‌లో ఉండకూడదు కదా.

తరువాత, వెసులుబాటు ఉన్నా తప్పించుకోలేని పనులను పెన్సిలుతో రాయండి. వీటిలో ముఖ్యమైనది అబ్‌మెల్డుంగ్, అంటే నగరపాలక కార్యాలయంలో మీ చిరునామా నమోదును రద్దు చేయించుకోవడం. గది ఖాళీ చేసే రోజుకు ఒక వారం ముందు నుంచి, ఖాళీ చేసిన తరువాత రెండు వారాల లోపు ఈ పని చేయవలసి ఉంటుంది. అంతకన్నా ముందే వెళ్తే తీసుకోరు. బ్లాక్డ్ అకౌంటులో (వీసా కోసం ముందే జమ చేసి నెలకింత అని తీసుకునే ఖాతాలో) మిగిలిన డబ్బు తీసుకునేటప్పుడు, రేడియో–టీవీ రుసుము ఆపించుకునేటప్పుడు ఈ కాగితాన్ని అడగవచ్చు కాబట్టి దీన్ని ఊరు వదిలే ముందు రోజుకు వదిలిపెట్టకండి.

ఇక గడుల్లో ఖాళీగా మిగిలినవే మీ ప్రయాణపు రోజులు. వాటిలోంచి కూడా విమానానికి ముందున్న నాలుగు రోజులను, ప్రతి పరీక్షకు ముందున్న రెండు రోజులను కొట్టివేయండి. సాధారణంగా మిగిలేవి విడివిడిగా పడిన ఐదారు రోజులు, ఒకచోట కలిసి వచ్చే మూడు నాలుగు రోజులు. అందువల్ల నా సలహా స్పష్టంగా ఒకటే: విడి రోజుల్లో పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే ప్రయాణాలు చేయండి, కలిసి వచ్చిన రోజుల్లో ఒకే ఊరికి రెండు రాత్రుల ప్రయాణం చేయండి. పది రోజుల్లో ఐదు రాజధానులు చుట్టి వచ్చే పథకంలో చూసేది ఎక్కువగా బస్ స్టేషన్లనే, పైగా అందులో ఒక్క బస్సు తప్పితే వెనకాల కట్టిన బుకింగులన్నీ వరసగా పోతాయి.

దశ 2: పత్రాలు ఎంతవరకు చెల్లుతాయో చూసుకోండి

చెల్లుబాటులో ఉన్న జర్మన్ డి–వీసా (దీర్ఘకాల వీసా) గానీ, రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే, మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే సాధారణంగా తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేని ఐరోపా దేశాల్లో, ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. జర్మనీలో గడిపిన రోజులు ఈ లెక్కలోకి రావు. చిన్న ప్రయాణాలకు ఈ 90 రోజులు ఎటూ దాటవు కాబట్టి దాని గురించి బెంగ అక్కరలేదు. చూసుకోవలసినవి వేరే ఉన్నాయి.

మొదటిది గడువు తేదీ. కార్డు మీద ఉన్న తేదీతో పాటు అనుబంధ పత్రం మీద రాసిన షరతులు కూడా చదవండి. కొందరి పత్రం మీద, చదువు ముగిస్తే అనుమతి ముగుస్తుందన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. అలా ఉంటే, విశ్వవిద్యాలయంలో మీ నమోదు రద్దు చేయించుకున్నాక షికారుకు బయలుదేరడం ప్రమాదం. ముందు ప్రయాణాలు ముగించి, తరువాత నమోదు రద్దు చేయించుకోండి.

రెండవది తాత్కాలిక పత్రం. పర్మిట్ పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకుని, కార్డు ఇంకా రాక, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే మడత కాగితంతో ఉన్నవారు కొందరుంటారు. దాని లోపల ఏ గడిలో గుర్తు పెట్టారన్నదాన్ని బట్టి, దేశం దాటితే తిరిగి రానిస్తారా లేదా అన్నది మారుతుంది. విదేశీయుల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, లిఖితపూర్వకంగా జవాబు వచ్చేదాకా జర్మనీ లోపలే తిరగండి. చూడవలసినవి లోపల కూడా తక్కువేమీ లేవు.

మూడవది, ఏ దేశం ఎందులో ఉందన్నది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది కాబట్టి వెళ్ళవచ్చు. ఐర్లాండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లో ఉంది. బల్గేరియా, రొమేనియాల భూసరిహద్దులు కూడా 2025 జనవరి 1 నుంచి తెరుచుకున్నాయి. లండన్‌కు మాత్రం జర్మన్ పర్మిట్ పనికిరాదు. మనవాళ్ళకు బ్రిటిష్ వీసా విడిగా కావాలి, చివరి వారాల్లో దానికి దరఖాస్తు పెడితే పాస్‌పోర్టు చేతిలో లేకుండా కూర్చోవలసి రావచ్చు.

హెచ్చరిక: షెంగెన్ అంటే సరిహద్దులో ఎవరూ అడగరన్న నమ్మకంతో పాస్‌పోర్టును గదిలో వదిలి వెళ్ళేవారున్నారు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టి, వాటిని పొడిగిస్తూ వచ్చింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి తిరిగి వచ్చే రైలు ఫ్రైలాసింగ్ స్టేషన్‌లో ఆగినప్పుడు పోలీసులు పెట్టె పెట్టెకూ వచ్చి పత్రాలు చూస్తారు. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ అసలువి ఉండాలి.

దశ 3: ప్రయాణ సమయాన్ని బట్టి ఊరు ఎంచుకోండి

ఒక రోజు ప్రయాణానికి ఇంటి నుంచి ఊరు చేరడానికి రెండున్నర గంటలు మించకూడదని ఒక గీత గీసుకోండి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, ఫ్యూసెన్, న్యూరెంబర్గ్, రెగెన్స్‌బర్గ్ ఈ గీత లోపలికే వస్తాయి. ప్రాగ్ మ్యూనిక్ నుంచి రైలులో ఐదున్నర గంటల పైమాటే కాబట్టి అది రెండు రాత్రుల ఊరు. అదే ప్రాగ్ డ్రెస్డెన్‌లో చదివేవారికి రెండున్నర గంటల లోపు దూరం కాబట్టి వారికి ఒక రోజు ఊరు అవుతుంది. మీకు ఏది దగ్గరో మీ స్టేషన్ నుంచి లెక్కవేసుకోండి. ఎవరో రాసిన "తప్పక చూడవలసిన పది ఊళ్ళు" జాబితా మీ స్టేషన్ నుంచి రాసింది కాదు.

ఊరు ఎంచుకున్నాక అక్కడ సమయానికి కట్టుబడినది ఏముందో చూడండి. ఫ్యూసెన్ దగ్గరి నోయిష్వాన్‌స్టైన్ కోటకు టికెట్ మీద లోపలికి వెళ్ళే సమయం ముద్రించి ఉంటుంది, ఆ సమయం దాటితే టికెట్ పోయినట్లే. కింద హోహెన్‌ష్వాన్‌గావ్ గ్రామంలో బస్సు దిగాక కొండ మీదికి నడక అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మ్యూనిక్‌లో ఏడు గంటల రైలు ఎక్కి పది గంటల టికెట్ తీసుకునేవారు ఫ్యూసెన్‌లో బస్సు దగ్గర వరుస చూసి కంగారుపడతారు. పదకొండున్నర తరువాతి సమయం తీసుకోండి.

కోనిగ్‌సీ సరస్సు దగ్గర ఇబ్బంది మరో రకం. సరస్సు అంచున రోడ్డు లేదు, 1909 నుంచి నడుస్తున్న విద్యుత్ పడవలే రాకపోకలకు ఆధారం. ఒడ్డునున్న సెయింట్ బార్తొలోమే రేవు దగ్గర దిగి ఫోటోల్లో మునిగిపోతే చివరి పడవ వెళ్ళిపోతుంది. దిగిన వెంటనే రేవులోని బోర్డు మీద తిరుగు పడవల సమయాలను ఫోటో తీసుకుని, చివరిదానికన్నా కనీసం రెండు పడవల ముందుదాన్ని మీ పడవగా పెట్టుకోండి.

సోమవారం చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి, ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. కాబట్టి ఆదివారం మ్యూజియానికి, సోమవారం కొండలకు వెళ్ళండి. మ్యూనిక్‌లోని పినకొటెక్ చిత్రశాలల్లో ఆదివారం ప్రవేశం ఒక్క యూరోనే.

దశ 4: టికెట్

విశ్వవిద్యాలయం ఇచ్చే సెమిస్టర్ టికెట్ దేశమంతా చెల్లే రకమైతే కొత్తగా ఏమీ కొనకండి. అది లేనివారు నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోవచ్చు. 2026 జనవరి నుంచి దాని ధర 63 యూరోలు. ఇది ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్–బాన్ వంటి ప్రాంతీయ రైళ్ళలో, ఊరి బస్సుల్లో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణపు రైళ్ళలో చెల్లదు. సాల్జ్‌బర్గ్ ప్రధాన స్టేషన్ దాకా చెల్లుతుంది గానీ ఆ ఊరి బస్సుల్లో చెల్లదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు రద్దు విషయంలో. ఈ టికెట్ చందా పద్ధతిలో నడుస్తుంది. నెలాఖరుకు ఆపాలంటే ఆ నెల 10వ తేదీ లోపు రద్దు చేయాలి. జూలై 25న విమానం ఎక్కుతూ రద్దు చేస్తే ఆగస్టు డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. కొన్న రోజే రద్దు తేదీని దశ 1 కాగితం మీద రాయండి. రద్దు చేసినట్లు వచ్చిన ఈమెయిల్ కనబడితేనే పని అయినట్లు లెక్క.

దూరపు ఊళ్ళకు వేగవంతమైన రైలు కావాలంటే సూపర్ ష్పార్‌ప్రైస్ అనే చౌక టికెట్ ఉంటుంది. దాన్ని రద్దు చేసుకోలేరు, రాసిన రైలే ఎక్కాలి. పరీక్ష ఫలితాన్ని బట్టి మారే అవకాశమున్న ప్రయాణానికి దాన్ని కొనకండి. కొద్దిగా ఎక్కువైనా, రుసుము కట్టి ముందుగా రద్దు చేసుకోగలిగే ష్పార్‌ప్రైస్ కొనండి.

ఒకే పాస్‌తో అనేక ఐరోపా దేశాల రైళ్ళు ఎక్కనిచ్చే ఇంటర్‌రైల్ గురించి కూడా అడుగుతుంటారు. జర్మన్ నివాస అనుమతితో ఉన్నవారు కొనవలసింది ఇంటర్‌రైల్, ఇండియా నుంచి పర్యటనకు వచ్చేవారు కొనేది యూరైల్. ఇంటర్‌రైల్ మీరు నివసిస్తున్న దేశంలో బయటకు ఒకసారి, లోపలికి ఒకసారి మాత్రమే చెల్లుతుంది, ఫ్రాన్స్‌లోని టీజీవీ వంటి వేగవంతమైన రైళ్ళకు సీటు రుసుము విడిగా కట్టాలి. రెండు రాత్రుల ప్రయాణాలకు ఇది గిట్టుబాటు కాదు.

చౌక విమానాలు చూసేటప్పుడు విమానాశ్రయం పేరు చదివి ఊరుకోకుండా మ్యాపులో చూడండి. మెమ్మింగెన్ మ్యూనిక్‌కు సుమారు 110 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్–హాన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120, పారిస్ పేరుతో అమ్మే బోవే సుమారు 85. ఆ బస్సు ఖర్చు, తెల్లవారుజామున మూడు గంటలకు లేవడం కలిపితే ఇరవై యూరోల టికెట్ అంత చౌక కాదు.

దశ 5: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయండి

మన పేర్లతో వచ్చే తంటా ఇది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి సొంత పేరే అక్కడ పడి ఉంటుంది, మరికొందరికి ఆ గడి ఖాళీ. కాలేజీలో పిలిచే పద్ధతిలో పేరు రాసి టికెట్ కొంటే, విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర పేచీ వస్తుంది. పాస్‌పోర్టు ఫోటో పేజీని ఎదురుగా పెట్టుకుని, ఏ గడిలో ఉన్న పేరును ఆ గడిలోనే, ఒక్క అక్షరమూ వదలకుండా రాయండి. సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవారు ఆ విమాన సంస్థ ఒకే పేరున్న ప్రయాణికులకు ఇచ్చిన సూచన చదివి అలాగే నింపండి. యూరోపియన్ పౌరులు కానివారు పత్రాలను కౌంటర్‌లో చూపించాలని చౌక విమాన సంస్థలు అడగవచ్చు కాబట్టి, ఆన్‌లైన్ చెక్–ఇన్ అయిపోయినా కౌంటర్ మూసే సమయానికి ముందే చేరండి.

దశ 6: సంచి, తిండి, ఫోన్, డబ్బు

సంచి ఒక్కటే, అదీ సీటు కింద పట్టేదే తీసుకెళ్ళండి. చాలా చౌక విమానాల్లో ఉచితంగా అనుమతించేది 40×30×20 సెంటీమీటర్లు. రెండు రాత్రులకు అది చాలు.

తిండికి పులిహోరను మించినది లేదు, సాయంత్రం దాకా పాడవదు, చల్లగా తిన్నా బాగుంటుంది. ఆవకాయ సీసా మాత్రం విమానంలో చేతి సంచిలో పెట్టకండి. ద్రవాలు, ముద్దలు 100 మిల్లీలీటర్లు దాటకూడదని చాలా విమానాశ్రయాల్లో ఇంకా ఉన్న నియమం కిందికి అది కూడా వస్తుంది, నూనె తేలిన ఊరగాయను చెత్తబుట్టలో వేయమంటే ప్రాణం ఉసూరుమంటుంది. రైలులో ఆ ఇబ్బంది లేదు, కాకపోతే మూత మీద రెండో కవరు చుట్టండి.

జర్మన్ సిమ్ యూరోపియన్ యూనియన్ అంతటా అదే ధరకు పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఆ ఏర్పాటులో లేదు, మీ ప్లాన్‌లో విడిగా చేర్చి ఉంటే తప్ప అక్కడ డేటాకు భారీగా పడుతుంది. కాన్‌స్టాంజ్ వంటి సరిహద్దు ఊళ్ళలో జర్మనీ వైపు నిలబడినా ఫోన్ స్విస్ టవర్‌ను పట్టుకోవచ్చు, అందుకని అక్కడికి వెళ్ళే ముందే డేటా రోమింగ్ ఆపేయండి.

చెక్ రిపబ్లిక్, పోలెండ్, హంగరీలలో యూరో లేదు. కార్డు మెషీన్ యూరోల్లో కట్టమంటారా, స్థానిక డబ్బులోనా అని అడిగితే స్థానిక డబ్బునే ఎంచుకోండి. యూరో అంటే వారి మారకపు రేటు మీ నెత్తిన పడుతుంది.

జర్మన్ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవారి కార్డు వెనక వైపే యూరోపియన్ కార్డు ముద్రించి ఉంటుంది. అత్యవసర వైద్యానికి అది పనికొస్తుంది. ఆల్ప్స్‌లో హెలికాప్టర్‌తో కిందికి దించే ఖర్చుకు మాత్రం దాన్ని నమ్ముకోకండి. కొండలు ఎక్కేవారు విడిగా ప్రయాణ బీమా తీసుకోవాలి.

దశ 7: బయలుదేరే ముందు రాత్రి

రైల్వే యాప్‌లో మీ మార్గాన్ని మళ్ళీ వెతకండి. వేసవిలో పట్టాల పనులు చాలాచోట్ల జరుగుతుంటాయి. ఎస్‌ఈవీ అన్న మూడక్షరాలు కనబడితే కొంత దూరం రైలుకు బదులు బస్సు అని అర్థం, ప్రయాణానికి గంట అదనంగా కలుపుకోండి.

రైలు మధ్యలో విడిపోతుందా అన్నది కూడా చూడండి. మ్యూనిక్ నుంచి టెగెర్న్‌సీ సరస్సు వైపు వెళ్ళే రైలు ఒకటిగానే బయలుదేరి, హోల్జ్‌కిర్‌షెన్ స్టేషన్‌లో ఒక ముక్క బైరిష్‌జెల్ వైపు వేరవుతుంది. మిగిలినది షాఫ్ట్‌లాఖ్‌లో మళ్ళీ విడిపోయి ఒక భాగం టెగెర్న్‌సీకి, ఒక భాగం లెంగ్రీస్‌కు పోతుంది. ఖాళీ ఉందని దొరికిన పెట్టెలో కూర్చున్నవారు సరస్సుకు బదులు వేరే లోయలో తేలతారు. పెట్టె తలుపు దగ్గర, లోపల తెర మీద రాసిన ఊరి పేరు చూసి కూర్చోండి.

దశ 8: దారిలో ఆలస్యమైతే

గమ్యానికి 20 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ ఆలస్యంగా చేరతారని తెలిస్తే, చౌక టికెట్ మీదున్న "ఇదే రైలు" షరతు పోతుంది, మరో రైలు ఎక్కవచ్చు. 60 నిమిషాల ఆలస్యానికి టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలకు 50 శాతం వెనక్కి అడగవచ్చు. యాప్‌లో ఆలస్యం కనబడుతున్న తెరను అప్పుడే ఫోటో తీసి ఉంచుకోండి. డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవారు ప్రాంతీయ రైలు ఆలస్యమైందని ఐసీఈ ఎక్కకూడదు, అలా ఎక్కితే టికెట్ లేని ప్రయాణమే.

తిరుగు ప్రయాణానికి రోజులో చివరి రైలును ఎప్పుడూ పెట్టుకోకండి. దాని ముందున్న రైలుకు బయలుదేరితే చివరిది మీకు రక్షణగా మిగులుతుంది.

దశ 9: చివరి ప్రయాణానికీ గది అప్పగింతకూ మధ్య

రెండు పూర్తి రోజులు ఉంచండి. హాస్టల్ గదిని హౌస్‌మైస్టర్ (భవన సంరక్షకుడు) చూసే తీరు తెలిస్తే ఈ రెండు రోజులు ఎందుకో తెలుస్తుంది. ఆయన ముందు ఫ్రిజ్ తలుపు తీసి రబ్బరు మడతలో వేలు పెట్టి చూస్తారు, తరువాత ఓవెన్ జాలి బయటకు లాగుతారు, బాత్రూమ్‌లో కుళాయి మొదట్లో పేరుకున్న తెల్లటి సున్నపు చారను చూస్తారు. మన పోపు వాసన, పసుపు మరక ఉన్న వంటగది గోడ కూడా ఆయన కన్ను దాటిపోదు. సున్నపు మరకకు వెనిగర్ పోసి రాత్రంతా ఉంచాలి, ఉదయం విమానం పెట్టుకుని ఆ పని చేయలేరు. అప్పగింత కాగితం నకలు తీసుకోకుండా తాళం ఇవ్వకండి. డిపాజిట్ తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి జర్మన్ బ్యాంకు ఖాతాను అప్పటిదాకా మూయకండి.

పెట్టెలన్నీ వెంటేసుకుని మరో దేశంలో నాలుగు రోజులు తిరిగి, అక్కడి నుంచే హైదరాబాద్ విమానం ఎక్కుదామనుకునేవారికి ఒక మాట. 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకుని రైళ్ళు మారడం ఒక ఎత్తు, స్టేషన్ లాకర్లలో అవి పట్టకపోవడం ఇంకో ఎత్తు. తప్పదనుకుంటే విమానం ఉన్న నగరంలోనే చివరి రాత్రి గడపండి, చూడవలసినవి అక్కడే చూడండి.

ప్లాన్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

కాగితం తీసి, ప్రతి ప్రయాణం దగ్గర ఇలా అడగండి: తిరుగు రైలు పూర్తిగా రద్దయి నేను మరుసటి రోజు మధ్యాహ్నానికి గాని చేరలేకపోతే, సిరాతో రాసిన ఏ తేదీకైనా దెబ్బ తగులుతుందా? తగులుతుందంటే ఆ ప్రయాణాన్ని అంతకన్నా ముందు రోజులకు జరపండి లేదా తీసేయండి. తరువాత పర్మిట్ గడువు తేదీకీ విమానం తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. విమానం రద్దయితే మరుసటి విమానం దొరికేదాకా ఆగేందుకు అక్కడ కొన్ని రోజులైనా ఉండాలి.

గడువు ముగిశాక పర్యాటకులుగా మరో 90 రోజులు ఉండవచ్చని కొందరు చెబుతారు. వీసా లేకుండా షెంగెన్‌లోకి రాగలిగే దేశాల పౌరుల మాట అది. భారతీయ పాస్‌పోర్టుకు ఆ సౌకర్యం లేదు. ఇంకా ఉండవలసిన అవసరం నిజంగా ఉంటే గడువు తీరకముందే విదేశీయుల కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, అక్కడి నుంచి జవాబు వచ్చేదాకా కొత్త టికెట్లేవీ కొనకండి.